వాడిన వ్యవసాయ విమానం కొనుగోలు: గంటల లెక్క ఒక్కటే చాలదు

పంటలపై మందులు, ఎరువులు, విత్తనాలు చల్లే ఏకఇంజను విమానాలు అమెరికా, ఆస్ట్రేలియా, బ్రెజిల్, అర్జెంటీనా వంటి దేశాలలో నేటికీ పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నాయి. వేల ఎకరాల వరి, పత్తి, గోధుమ, సోయాచిక్కుడు ఒకే యాజమాన్యం కింద ఉన్న చోట, వాన వెలిసి నేల ట్రాక్టరును మోయలేని రోజుల్లో, తెగులు మందును రెండు రోజుల వ్యవధిలో వేసి తీరవలసిన పరిస్థితిలో విమానానికి సాటి వచ్చే సాధనం తక్కువ. అయితే టర్బైన్ ఇంజను గల కొత్త వ్యవసాయ విమానం వెల పది లక్షల డాలర్లు దాటుతుంది. అందువల్ల ఈ వృత్తిలోకి కొత్తగా అడుగుపెట్టేవారు సాధారణంగా ఇతరులు వాడిన విమానంతోనే మొదలుపెడతారు.

మన వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో చదివి, కలుపు శాస్త్రంలోనో సస్యరక్షణలోనో పై చదువులకు అమెరికా వెళ్లి, అక్కడే పంటల సలహాదారులుగా స్థిరపడినవారు కొందరున్నారు. స్థానిక రైతుతో కలిసి ఒక పాత విమానం కొనే ఆలోచనలో ఉన్న నా పూర్వ విద్యార్థి ఒకరు ఇటీవల నన్నొక ప్రశ్న అడిగారు. "ఇంజను సంగతి మెకానిక్ చూస్తారు గురువుగారూ, మరి తొట్టి, గొట్టాలు, చట్రం సంగతి ఎవరు చూడాలి?" ప్రశ్న చిన్నదే కాని, సమాధానంలో సగం సస్యశాస్త్రానికి చెందినది. ఎందుకంటే వ్యవసాయ విమానాన్ని అరగదీసేది గాలి కాదు, దాని కడుపులో మోసిన పదార్థం.

అమ్మకపు ప్రకటనలలో సాధారణంగా మూడు సంఖ్యలు కనిపిస్తాయి. విమాన చట్రం మొత్తం ఎగిరిన గంటలు, ఇంజను చివరి ఓవర్‌హాల్ తరువాతి గంటలు, తొట్టి సామర్థ్యం. ఈ మూడూ అవసరమే. కాని ఆ గంటలు ఏ పదార్థంతో గడిచాయో, సీజను ముగిశాక విమానాన్ని ఎవరైనా శుభ్రంగా కడిగారో లేదో ఈ సంఖ్యలు చెప్పవు. పొలం కొనేటప్పుడు విస్తీర్ణం, సర్వే నంబరు చూసి ఊరుకోము. గత పదేళ్లలో ఏ పంట వేశారో, ఉప్పునీరు పారిందో లేదో విచారిస్తాము. ఇక్కడ చేయవలసిన విచారణ కూడా అటువంటిదే.

ఈ విమానాల పుట్టుక

విమానం నుంచి పంటమందు చల్లే తొలి ప్రయత్నం 1921 ఆగస్టు 3న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణ సమీపంలో జరిగింది. కటాల్పా చెట్ల తోపును తినేస్తున్న గొంగళి పురుగులపై లెఫ్టినెంట్ జాన్ మెక్‌రెడీ కర్టిస్ జెన్నీ విమానం నుంచి లెడ్ ఆర్సెనేట్ పొడిని చల్లారు. తరువాత దాదాపు మూడు దశాబ్దాలపాటు ఎక్కువగా ఇతర పనులకు తయారైన విమానాలకు, ముఖ్యంగా సైన్యం వదిలేసిన వాటికి, తొట్టెలు బిగించి వాడారు. కేవలం వ్యవసాయం కోసమే రూపొందిన విమానాలకు మార్గదర్శకం ఏజీ-1. దీనిని టెక్సాస్ ఏ అండ్ ఎం కళాశాలలో, అంటే మన వంటి వ్యవసాయ విద్యాసంస్థలోనే, ఫ్రెడ్ వీక్ రూపొందించగా 1950 డిసెంబరు 1న తొలిసారి ఎగిరింది. తొట్టి ముందు, పైలట్ వెనుక, అదీ ఎత్తులో కూర్చోవడం దాని ముఖ్య లక్షణం. నేలను ఢీకొన్నప్పుడు బరువైన తొట్టి వెనుక నుంచి వచ్చి పైలటును నలిపివేయకూడదన్నది ఆ అమరికలోని ఆలోచన. వీక్ తరువాత పైపర్ సంస్థలో చేరి రూపొందించిన పానీ విమానం 1959 నుంచి 1981 వరకు తయారైంది. సెస్నా 188 శ్రేణి 1966లోను, లీలాండ్ స్నో ఎయిర్ ట్రాక్టర్ విమానాలు 1970 దశకంలోను వచ్చాయి. నేటి వాడిన విమానాల సంతలో కనిపించేవి ఎక్కువగా ఇవీ, థ్రష్, ఏజీ-క్యాట్ రకాలూ.

తొట్టి సామర్థ్యాలను లీటర్లలోకి మార్చి చూస్తే, పానీ దాదాపు 570, సెస్నా ఏజీట్రక్ 1,060, ఎయిర్ ట్రాక్టర్ 502 సుమారు 1,890, అదే సంస్థ 802 నమూనా 3,000 పైన మోస్తాయి. మొదటి రెండూ పిస్టన్ ఇంజను విమానాలు, చివరి రెండూ టర్బైన్లు. కొనుగోలుదారు స్థోమత సాధారణంగా మొదటి రెండింటి దగ్గరే ఆగుతుంది. అంటే అతడు కొనేది నలభై నుంచి అరవై ఏళ్ల వయసున్న యంత్రం.

ఎరువు లోహాన్ని తినే తీరు

మన విద్యార్థులకు ఎరువుల నిల్వ పాఠంలో సంక్లిష్ట సాపేక్ష ఆర్ద్రత గురించి చెబుతాము. ఏ తేమ శాతం దాటితే ఎరువు గాలిలోని నీటిని పీల్చుకొని కరగడం మొదలవుతుందో ఆ శాతం అది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద అమ్మోనియం నైట్రేటుకు ఇది దాదాపు 59, యూరియాకు 72 నుంచి 75, పొటాషియం క్లోరైడుకు 84. యూరియా, అమ్మోనియం నైట్రేటు కలిసిన చోట ఆ విలువ దాదాపు 18కి పడిపోతుంది. గిడ్డంగిలో బస్తాలు గట్టకట్టడానికి కారణంగా మనం చెప్పే ఈ పట్టికే విమానం తోక భాగంలో ఏం జరుగుతుందో కూడా చెబుతుంది. ఒక సీజనులో యూరియా, మరొక సీజనులో అమ్మోనియం నైట్రేటు చల్లిన విమానంలో ఆ రెంటి ధూళీ తొట్టి మూత సందుల నుంచి, కింది ద్వారం అంచుల నుంచి రాలి, చట్రం వెంట వెనక్కు జారి తోక దగ్గర చేరుతుంది. ఆ మిశ్రమం ఎండాకాలపు మధ్యాహ్నం కూడా ఆరదు. బయటి నుంచి విమానం పొడిగా కనిపిస్తుంది. లోపలి సందులో ఉప్పునీటి పొర ఏడాది పొడుగునా ఉంటుంది.

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో వరికి నీరు పెట్టే ముందు యూరియాను విమానంతో చల్లడం మామూలు. కాలిఫోర్నియాలో నానబెట్టిన వరి విత్తనాన్ని నీరు కట్టిన మడులలో విమానం నుంచే వెదజల్లుతారు. బకానే తెగులు నివారణకు ఆ విత్తనాన్ని హైపోక్లోరైట్ ద్రావణంలో నానబెట్టే పద్ధతి అక్కడ ఉన్నది. "వరి విత్తనాలే చల్లాము, మందులు పెద్దగా మోయలేదు" అని అమ్మకందారు చెప్పినప్పుడు ఆ విత్తనం దేనిలో నానినదో అడగడం సమంజసం. అమ్మోనియం లవణాలు ఉక్కును, ఇత్తడిని తింటాయి. క్లోరైడులు అల్యూమినియంపై గుంటలు పెడతాయి. రాగి ఆధారిత శిలీంధ్రనాశినులు అల్యూమినియం రేకుపై నిలిస్తే రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలై రేకు తరుగుతుంది. గంధకం పొడి తేమతో కలిసి ఆమ్లమవుతుంది. పత్తి ఆకు రాల్చడానికి ఒకప్పుడు విస్తృతంగా వాడిన సోడియం క్లోరేటు తుప్పు పట్టించడమే కాక, నూనె, గుడ్డ, చెత్త వంటి మండే పదార్థాలతో కలిసి ఎండితే నిప్పు ప్రమాదాన్ని కూడా తెస్తుంది.

తుప్పు వెదకవలసిన స్థలాలు అనుభవజ్ఞులకు తెలిసినవే. తొట్టి కింద, వెనుక గోడ దగ్గర. పొట్ట అడుగు రేకుల లోపల. నియంత్రణ తీగలు తిరిగే కప్పీల చుట్టూ. తోకచక్రం బిగించే చోట. రెక్క చట్రానికి కలిసే జోడుల వద్ద. అల్యూమినియంపై తెల్లని పొడి, రంగు కింద ఉబ్బు, రివెట్ల చుట్టూ నల్లని చార కనిపిస్తే అనుమానించాలి. ఉక్కు గొట్టాల చట్రం విషయంలో చిక్కేమిటంటే తుప్పు లోపలి నుంచి వస్తుంది. చిన్న రంధ్రం గుండా చేరిన నీరు, లవణం అన్నిటికంటే పల్లంలో ఉన్న గొట్టం అడుగున నిలిచి గోడను పలుచన చేస్తాయి. పైన వేసిన రంగు చెక్కుచెదరదు. పానీ రకంలో రెక్క ముందు స్పారు చట్రానికి కలిసే జోడును తుప్పు, పగుళ్ల కోసం తనిఖీ చేయాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్.ఏ.ఏ. తప్పనిసరి ఆదేశమే ఇచ్చింది.

కొన్నేళ్ల క్రితం అక్కడి పత్తి ప్రాంతంలో సందర్శకుడిగా ఉన్నప్పుడు ఇటువంటి కొనుగోలు తనిఖీ ఒకటి చూసే అవకాశం నాకు కలిగింది. గొట్టాల చట్రంపై గుడ్డ తొడిగిన పాత విమానం. కొత్త పసుపు రంగు మిలమిలలాడుతోంది. ఇంజను ఓవర్‌హాల్ జరిగి రెండు వందల గంటలైనా కాలేదు. కొనదలచిన యువ రైతు అప్పటికే బ్యాంకుతో మాట్లాడుకొని ఉన్నాడు. మెకానిక్ ఇంజను దగ్గరకు పోనేలేదు. నేరుగా తోక దగ్గర పడుకొని, అడుగు పలక విప్పి, మన గోనెసంచులు కుట్టే దబ్బనం వంటి సాధనంతో కింది గొట్టాన్ని అంగుళానికొక పోటు చొప్పున పొడుస్తూ ముందుకు జరిగాడు. ఏడో, ఎనిమిదో పోటుకు మొన లోనికి దిగింది. ఆ రంధ్రం నుంచి గోధుమరంగు పొడి రాలింది. అమ్మకందారు ఆ ఒక్క గొట్టం మార్పించి ఇస్తానన్నాడు. మెకానిక్ మాత్రం, ఒక గొట్టం ఇలా ఉంటే గుడ్డ మొత్తం తీసి చట్రమంతా చూడకుండా తాను సంతకం పెట్టనని చెప్పి సామాను సర్దుకున్నాడు. యువకుడు తనిఖీ రుసుము చెల్లించి, విమానం కొనకుండా వెనుదిరిగాడు. ఆ రుసుము వృథా అయిందని అతడి తండ్రి అన్నాడు గాని, ఆ గొట్టమే తోకను పట్టి ఉంచేది.

ఆ మెకానిక్ అమ్మకందారు విమానాన్ని ఏనాడూ మరమ్మతు చేసినవాడు కాదని ఇక్కడ గమనించాలి. తన పనిని తానే తప్పుపట్టుకోవలసిన స్థితిలో ఎవరినీ ఉంచకూడదు. "కొనుగోలు ముందు తనిఖీ" అనే మాటకు ఎఫ్.ఏ.ఏ. నిబంధనలలో నిర్వచనం లేదు. కాబట్టి ఏయే పలకలు విప్పాలో, ఏ పరీక్షలు చేయాలో, లోపం కనిపిస్తే ఖర్చు ఎవరిదో ముందే కాగితంపై రాసుకోవాలి. గత నెలలోనే వార్షిక తనిఖీ అయిందన్న మాట దీనికి బదులు కాదు.

రెక్క అలసట

లోహానికి వయసుతోపాటు అలసట కూడా ఉంటుంది. ఒక ప్రయాణికుల చిన్న విమానం గంటసేపు సాఫీగా ఎగిరితే రెక్కపై భారం పెద్దగా మారదు. వ్యవసాయ విమానం లెక్క వేరు. పొలం పొడవు 800 మీటర్లు, వేగం సెకనుకు 53 మీటర్లు అనుకుందాము. ఒక సాలు చల్లడానికి 15 సెకన్లు. చివర పైకి లేచి, తిరిగి, పక్క సాలులోకి దిగడానికి సుమారు 40 సెకన్లు. అంటే నిమిషానికి ఒక మలుపు. మందు నింపుకోవడానికి, పొలానికి రావడానికి పట్టే కాలం తీసివేసినా గంటకు ముప్ఫై నలభై మలుపులు తప్పవు. ఎత్తు మారకుండా 60 డిగ్రీలు ఒరిగి తిరిగితే రెక్కపై భారం రెట్టింపవుతుంది. అయిదు వేల గంటలు ఎగిరిన విమానం రెక్క అటువంటి వంపును లక్షన్నర నుంచి రెండు లక్షల సార్లు భరించి ఉంటుంది. వీటిలో కొంత భాగం నిండు తొట్టితో.

ఈ కారణంగానే ఎయిర్ ట్రాక్టర్, థ్రష్ విమానాలలో రెక్క కింది స్పారు పట్టీలో, బోల్టు రంధ్రాల వద్ద, పగుళ్లు వస్తున్నాయని తేలి, ఎఫ్.ఏ.ఏ. పలుమార్లు ఆదేశాలు జారీ చేసింది. కంటికి కనిపించని పగులును పట్టే ఎడ్డీ కరెంట్ తనిఖీని నిర్ణీత గంటలకొకసారి చేయించాలి. కొన్ని నమూనాలకు స్పారు పట్టీ ఆయుష్షును గంటలలో నిర్ణయించారు. ఆ గంటలు నిండితే పట్టీ మార్చవలసిందే. రెక్క కొసలకు తరువాత వింగ్‌లెట్లు అమర్చి ఉంటే కొన్ని నమూనాలలో ఆ ఆయుష్షు తగ్గుతుంది కూడా. కాబట్టి కొనేవారు అడగవలసిన ప్రశ్న "ఎన్ని గంటలు ఎగిరింది" అని కాదు, "ఈ క్రమసంఖ్య గల విమానానికి స్పారు ఆయుష్షు ఎన్ని గంటలు, అందులో మిగిలినవి ఎన్ని" అని. స్పారు పట్టీల మార్పు చిన్న ఖర్చు కాదు. చవకగా వస్తున్న విమానాలలో కొన్ని ఈ మార్పుకు దగ్గరపడినవే.

ఇంజను విషయం క్లుప్తంగా చెబుతాను, దానికి నిపుణులు వేరే ఉన్నారు. సిలిండర్ల కంప్రెషన్, బోర్‌స్కోప్ పరీక్ష, ఆయిల్ ఫిల్టరు కోసి లోహపు రజను కోసం చూడడం, వీలైతే ఆయిల్ విశ్లేషణ సాధారణంగా చేయిస్తారు. సస్యశాస్త్ర దృష్టితో చెప్పదగిన మాట ఒకటున్నది. వ్యవసాయ విమానం సీజను యంత్రం. నాలుగైదు నెలలు పనిచేసి మిగతా కాలం షెడ్డులో ఉంటుంది. కదలకుండా ఉన్న ఇంజను లోపల నూనె పొర జారిపోయి తేమ చేరుతుంది. లైకమింగ్ ఇంజన్లలో కామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్‌కు పైభాగాన ఉండడం వల్ల అది త్వరగా తుప్పు బారిన పడుతుంది. ఓవర్‌హాల్ తరువాత పదేళ్లలో నూరు గంటలే తిరిగిన ఇంజను కన్నా, ఏటా క్రమంగా తిరిగిన ఎనిమిది వందల గంటల ఇంజనునే నేనైతే ఎంచుకుంటాను. మరొక అంశం ఇంధనం. పిస్టన్ విమానాలు వాడే సీసం కలిసిన పెట్రోలును 2030 చివరి నాటికి వాడుక నుంచి తప్పించాలన్నది అక్కడి లక్ష్యం. ఆ ఇంజను సీసం లేని ఇంధనానికి ఆమోదం పొందినదో లేదో కొనేనాడే తెలుసుకోవడం మంచిది.

తొట్టిలో మిగిలిన మందు

మన జిల్లాలలో విస్తరణ శాస్త్రవేత్తలు ప్రతి ఖరీఫ్‌లోను చూసే దృశ్యం ఒకటున్నది. వరిలోనో మొక్కజొన్నలోనో 2,4-డి కొట్టిన పంపును పైపైన కడిగి, అదే పంపుతో పత్తికి పురుగు మందు కొడతారు. నాలుగైదు రోజులలో పత్తి లేత ఆకులు సన్నబడి, ఈనెలు సమాంతరమై బెండ ఆకుల్లా మారతాయి. రైతు వైరస్ అనుకొని మరో మందు కొడతాడు. పదహారు లీటర్ల పంపుతో ఒక ఎకరం పాడైతే, వెయ్యి లీటర్ల తొట్టితో ఎంత పాడవుతుందో ఊహించవచ్చు.

వ్యవసాయ విమానం తొట్టి సాధారణంగా ఫైబర్‌గ్లాసుతో తయారవుతుంది. పైపూత సన్నగా పగిలిన చోట మందు లోనికి ఇంకుతుంది. రబ్బరు గొట్టాలు 2,4-డి ఎస్టరును పీల్చుకొని, తరువాత వేరే మందులోని ద్రావకం తగిలినప్పుడు వదులుతాయి. బూమ్ కొసలలో చివరి నాజిల్ దాటిన తరువాత ఉండే మూసిన ముక్క, పంపు గది, జల్లెడ, నాజిల్ అడ్డుకవాటాల డయాఫ్రాలు, ఇవన్నీ మందు దాగే చోట్లు. ఎస్టరు రూపం నీటికి లొంగదు, డిటర్జెంటు కావాలి. అమైన్ రూపానికి అమ్మోనియా కలిపిన నీటిని నింపి, నానబెట్టి కడగడం పాత పద్ధతి. హెక్టారుకు కొద్ది గ్రాములతోనే పనిచేసే సల్ఫోనైల్‌యూరియా కలుపుమందులు క్షార గుణం గల నీటిలో బాగా కరుగుతాయి కనుక వాటికి కూడా అమ్మోనియా ఉపకరిస్తుంది. నా అభిప్రాయంలో పాత గొట్టాలను, రబ్బరు వాషర్లను కడగడం కన్నా మార్చివేయడమే చవక. వాటి ధరను బేరంలోనే కలుపుకోవాలి.

కడిగిన తరువాత శుభ్రమైనదో లేదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేని పరీక్ష ఒకటి ఉన్నది. తొట్టిలో కొద్దిగా నీరు పోసి, బూమ్ గుండా నడిపి, చివరి నాజిల్ దగ్గర పట్టిన నీటిని కుండీలలో పెంచిన పత్తి, టమాటా మొలకలపై పిచికారీ చేయాలి. మామూలు నీరు కొట్టిన కుండీలను పక్కన ఉంచాలి. 2,4-డి ఉంటే రెండు మూడు రోజులలో కాడలు మెలిక తిరుగుతాయి. సల్ఫోనైల్‌యూరియా అయితే రెండు వారాలు ఓపిక పట్టాలి. విద్యార్థులు ప్రయోగ తరగతిలో చేసే జీవ పరీక్షే ఇది. బేరం తేలక ముందు ఇందుకు అమ్మకందారు అంగీకరిస్తే మంచి గుర్తు.

పంట సంగతి అలా ఉండగా మనిషి సంగతి కూడా చూడాలి. డి.డి.టి.ని అమెరికా 1972లో నిషేధించింది. టాక్సాఫీన్ వాడకాన్ని చాలావరకు 1982లో రద్దు చేసింది. 1960 దశకంలో పత్తి ప్రాంతంలో తిరిగిన విమానం ఈ రెంటినీ, మిథైల్ పారాథియాన్‌ను కూడా మోసి ఉండే అవకాశం ఎక్కువ. ఆర్గానోక్లోరిన్ మందులు పొట్ట అడుగు సందులలో, మురికిలో, పాత గుడ్డలో ఏళ్ల తరబడి నిలుస్తాయి. అటువంటి విమానం పలకలు విప్పేవారు చేతొడుగులు, ముసుగు లేకుండా దిగకూడదు. పానీ విమానాలు చాలావరకు నేడు గ్లైడర్లను పైకి లాగే పనిలో ఉన్నాయి. క్లబ్బు నుంచి కొంటున్నాము గనుక మందుల బెడద లేదనుకోవడం పొరపాటు; దాని తొలి జీవితం ఎక్కడ గడిచిందో లాగ్ పుస్తకంలో చూడాలి.

కాగితాలు

విమానం, ఇంజను, ప్రొపెల్లర్లకు వేరువేరు లాగ్ పుస్తకాలుంటాయి. మొదటి రోజు నుంచి అన్నీ ఉండాలి. ఒక పుస్తకం పోయిందంటే స్పారు గంటల లెక్క కూడా పోయినట్లే. పెద్ద మరమ్మతులు, మార్పులు ఫారం 337లో నమోదై, దాని ప్రతి ఓక్లహోమా సిటీలోని ఎఫ్.ఏ.ఏ. రికార్డులలో చేరుతుంది. యజమానుల వరుస, బ్యాంకు తాకట్లు కూడా అక్కడే తెలుస్తాయి. మన ఈసీ వంటిది అనుకోవచ్చు. ప్రమాద చరిత్రను జాతీయ రవాణా భద్రతా మండలి బహిరంగ రికార్డులలో నమోదు సంఖ్యతో వెదకవచ్చు. ప్రమాదం జరిగినట్లు రికార్డులో ఉండి, మరమ్మతు గురించి లాగ్ పుస్తకంలో ఒక్క ముక్క లేకపోతే ఆ బేరం అక్కడితో ఆపడం మేలు.

మనవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన విషయం ఒకటున్నది. అమెరికాలో విమానాన్ని తన పేర నమోదు చేసుకోవాలంటే ఆ దేశ పౌరుడై గాని, శాశ్వత నివాసి హోదా గలవాడై గాని ఉండాలి. ఉద్యోగ వీసాపై ఉన్నవారు డబ్బు పెట్టగలరు గాని తమ పేర నమోదు చేయించుకోలేరు. భాగస్వామి పేర విమానం ఉండి, సొమ్ము తమదైతే, ఆ ఒప్పందాన్ని న్యాయవాదితో రాయించుకోవాలి. మందు చల్లడానికి 137వ భాగం కింద వేరే అనుమతి కావాలి. ప్రైవేటు అనుమతితో సొంత లేదా కౌలు పొలంపైన, తమకు వాటా ఉన్న పంటపైన మాత్రమే చల్లవచ్చు. కిరాయికి చల్లాలంటే వాణిజ్య అనుమతి ఉండాలి. ఈ విమానాలు సాధారణంగా పరిమిత వర్గంలో ధ్రువీకరణ పొందినవి. డబ్బు తీసుకొని మనుషులను ఎక్కించడానికి పనికిరావు.

మన దేశంలో

ఇటువంటి విమానం ఒకటి కొని ఇక్కడికి తెస్తే ఎలా ఉంటుందని అడిగే విద్యార్థులు కూడా ఉన్నారు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ రూపొందించిన బసంత్ వ్యవసాయ విమానం 1972 మార్చి 30న ఎగిరింది. నాలుగు వందల అశ్వశక్తి గల ఆ విమానాలు నలభైలోపే తయారయ్యాయి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, తెలంగాణలో 1.00, ఆంధ్రప్రదేశ్‌లో 0.94. సెకనుకు 53 మీటర్ల వేగంతో పోయే విమానం నూరు మీటర్ల మడిని రెండు సెకన్లలోపే దాటిపోతుంది. మీట నొక్కేలోపు పక్క రైతు పొలం వస్తుంది. కేరళలోని కాసరగోడు జీడిమామిడి తోటలలో 1970 దశకం చివరి నుంచి 2000 వరకు ఎండోసల్ఫాన్‌ను ఆకాశం నుంచి చల్లిన తరువాత వచ్చిన ఆరోగ్య వివాదం, 2011లో సుప్రీంకోర్టు ఆ మందుపై ఇచ్చిన ఆదేశం అందరికీ తెలిసినవే. 1971 కీటకనాశినుల నిబంధనలలో గగనతల పిచికారీకి ప్రత్యేక షరతులు ఉన్నాయి. 2021 డిసెంబరులో కేంద్రం డ్రోన్లతో పిచికారీకి కార్యవిధానాన్ని విడుదల చేసింది. మన కమతాలకు తగిన ఎగిరే యంత్రం అదే. అయితే వాడిన డ్రోన్లు చేతులు మారే రోజు కూడా వచ్చింది. పది లీటర్ల తొట్టి అయినా ముందు ఏ మందు మోసిందన్న ప్రశ్న మారదు.

మొదటి తొట్టి నీరు

కొన్న విమానం పొలానికి వెళ్లేముందు చల్లే తీరును పరీక్షించాలి. బూమ్ మీద నాజిళ్లు పాత యజమాని పంటకు, అతడి వేగానికి, అతడి మందుకు తగినట్లు బిగించి ఉంటాయి. అమెరికాలో చాలా మందుల లేబుళ్లు బూమ్ పొడవు రెక్కల పొడవులో 75 శాతం మించరాదని చెబుతాయి. పాత విమానాలలో బూమ్ రెక్క కొస దాకా ఉండడం కద్దు. కొసల వద్ద తిరిగే సుడిగాలి సన్నని బిందువులను పైకి లాగి పక్క పొలాల మీదికి చేరుస్తుంది. ప్రొపెల్లర్ గాలి పొట్ట కింద మందును కుడి నుంచి ఎడమకు నెడుతుంది కనుక మధ్యకు కుడివైపు పలుచగా, ఎడమవైపు చిక్కగా పడుతుంది. కుడివైపు నాజిళ్లు కొన్ని చేర్చి దీనిని సరిచేస్తారు.

పరీక్షకు తొట్టిలో రంగు కలిపిన నీరు చాలు. గాలికి ఎదురుగా, పంటపై ఎగిరే ఎత్తులోనే, ఎగిరే దారికి అడ్డంగా కట్టిన దారం మీదుగా మూడుసార్లు పోవాలి. దారంపై పడిన రంగును ఫ్లోరోమీటరుతో కొలిచి, పక్కపక్క సాళ్లు ఎంత కలిస్తే విచలన గుణకం అదుపులో ఉంటుందో లెక్కగడతారు. సమర్థమైన సాలు వెడల్పు దానితో తేలుతుంది. అక్కడి రాష్ట్రాలలో వసంత రుతువు మొదట్లో జరిగే ఇటువంటి పరీక్షా శిబిరాలలో విశ్వవిద్యాలయ విస్తరణ శాస్త్రవేత్తలే విశ్లేషకులుగా కూర్చుంటారు. పైలట్లు వరుసలో నిలబడి తమ దారం వంతు కోసం ఎదురుచూస్తారు. కొత్తగా చేతికి వచ్చిన పాత విమానం అయితే ఒకసారి ఎగిరి, నాజిళ్లు మార్చుకొని, మళ్లీ వరుస చివరికి వచ్చి నిలబడడం అక్కడ మామూలే.